డిస్కు మీద సింధూరం

బాపుకు తీసిన స్కానింగ్ డిస్కు నా చేతిలోనే ఉంది. నా కంప్యూటర్ మాత్రం దాన్ని తెరవనంటోంది. పోయిన వారం మీరు నన్ను సరిగ్గా అక్కడే వదిలి వెళ్లారు. నేనింకా అదే కుర్చీలో కూర్చుని పళ్లు నూరుతున్నాను.

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పేస్తాను. నా పేరు వినోద. మెట్‌పల్లి పాత బస్టాండు పక్క సందులో నెట్ సెంటర్ నడుపుతాను. మా నాన్న పరశురాములును బాపు అంటాం, అమ్మ చంద్రవ్వను అవ్వ అంటాం; ఇద్దరూ ఊళ్లో పసుపూ మక్కజొన్నా వేసుకుని బతికే రైతులు. ఈ మధ్య బాపు కాళ్లు వాచాయి. నడుము పక్కన నొప్పి లేస్తే మంచం పట్టె పట్టుకుని మూలుగుతాడు. నా షాపు పై అంతస్తులో ఆదివారం ఆదివారం కరీంనగర్ నుంచి కిడ్నీల డాక్టరు భానుప్రసాద్ గారు వచ్చి చూస్తారు. రక్తపరీక్ష చూడగానే ఆయన మొహం మారింది. కరీంనగర్ పోయి స్కానింగ్ తీయించుకు రమ్మన్నారు. బాపు ఒక్కడే పోయి తీయించుకున్నాడు. వచ్చేటప్పుడు రిపోర్టు కాగితం బస్సు కిటికీలోంచి ఎగిరిపోయిందన్నాడు. మిగిలింది ఈ డిస్కు ఒక్కటే.

"బొమ్మలు చూడకుండా నేను చెయ్యి వెయ్యలేనమ్మా," అన్నారు డాక్టరు గారు. "నేను బయలుదేరే లోపల చూపించు. ఇంకో వారం ఆగితే ఉన్న కిడ్నీలు ఏమవుతాయో నేను చెప్పలేను."

ఆదివారం కాబట్టి స్కానింగ్ సెంటర్ వాళ్లు ఫోన్ ఎత్తడం లేదు. పైన ఆసుపత్రి కంప్యూటర్‌లో డిస్కు పెట్టే అర లేనే లేదు. ఇప్పుడు ఎవరి దగ్గరా ఉండటం లేదు కదా. ఈ బజారు మొత్తంలో అది ఉన్నది నా పాత డబ్బాకు ఒక్కదానికే. అందులో నడిచేది విండోస్ కాదు, లినక్స్. ఊరందరి పెన్ డ్రైవులూ పెట్టీ పెట్టీ వైరస్‌తో చచ్చి చెడి, విసిగిపోయి నేనే మార్చేశాను. మార్చినప్పుడు నా తెలివికి నేనే మురిసిపోయాను. ఆ వేళ మాత్రం నన్ను నేనే తిట్టుకున్నాను.

ఎందుకంటే, ఆ డిస్కులో ఉన్నవి మామూలు ఫొటోలు కావు. వాటిని చూపించే సాఫ్ట్‌వేర్ కూడా అదే డిస్కులో పెట్టి ఇస్తారు. ముందు దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించాలి. అప్పుడే బొమ్మలు తెరుచుకుంటాయి. ఎక్కించే ఫైలు చూస్తే విండోస్‌ది. లినక్స్‌కు దాని భాష తెలియదు. ఎన్నిసార్లు నొక్కినా ఉలకదు, పలకదు. వెతగ్గా వెతగ్గా ఒక మూల ఫోల్డర్‌లో లినక్స్ కోసమే చేసిన ఫైలు ఇంకోటి కనిపించింది. ప్రాణం లేచి వచ్చింది. ఆదేశాలు టైపు చేసే నల్ల తెర తెరిచి దాని పేరు కొట్టాను.

'పర్మిషన్ డినైడ్' అని ఒక్క ముక్క చెప్పి ఊరుకుంది.

"ఏమంటున్నదే?" అవ్వ నా భుజం మీదుగా తొంగి చూసింది.

"నడిపే హక్కు లేదంటున్నదవ్వా."

"నీ కంప్యూటరే గదనే. నీకే హక్కు లేదా?"

"గట్లనే ఉంటది దీని కథ. నువ్వు జర ఆగు."

బాపు గోడ పక్క బెంచీ మీద కూర్చున్నాడు. వచ్చినప్పటి నుంచీ చెప్పులు విప్పలేదు. "నేను చెప్పిన గదా బిడ్డా, అది తెర్వదు. ఎందుకు పరేషాన్ అయితవ్? లేవండి, ఇంటికి పోదాం. చేనుకు నీళ్లు పెట్టేది ఉన్నది."

"చేను ఎటు పోదు బాపూ. కూసో."

నాకు కారణం తెలిసింది. డిస్కులో ఉన్న ఫైలును డిస్కులోంచే నడపనివ్వదు లినక్స్. అక్కడ దానికి అనుమతి ఇద్దామన్నా కుదరదు, డిస్కు మీద మనం ఏదీ మార్చలేం. ముందు దాన్ని నా సొంత ఫోల్డర్‌లోకి కాపీ చేసుకోవాలి. అక్కడ నేనే యజమానిని కాబట్టి నడిపే అనుమతి నేనే ఇచ్చుకోవచ్చు. చిన్న పని. కాపీ పెట్టాను. ఎంత వచ్చిందో చూపే గీత సగం దాటింది. అక్కడ ఆగిపోయింది. డ్రైవు లోపల డిస్కు గిర్రున తిరగడం, ఆగడం, మళ్లీ గిర్రుమనడం. ఆఖరికి చదవలేకపోతున్నానని ఒక ఎర్రర్ పడేసింది. మళ్లీ పెట్టాను. అక్కడికే వచ్చి ఆగింది.

అప్పుడు గానీ నాకు బుర్ర వెలగలేదు. అర తెరిచి డిస్కు బయటికి తీసి తిరగేశాను.

మెరిసే వైపు నడిమధ్య నుంచి అంచు దాకా వేలెడు వెడల్పున పూత. ఎర్రగా, జిడ్డుగా ఉంది. అయిపాయె, అనుకున్నాను. మా అవ్వ సంగతి మీకు తెలుసు కదా. కొత్త వస్తువేదైనా సరే, దూరం పోయే వస్తువేదైనా సరే, బొట్టు పడకుండా గడప దాటనివ్వదు. బోరు మోటారు స్టార్టరుకు పెడుతుంది, పసుపు విత్తనం బస్తాలకు పెడుతుంది, దసరా నాడు నా కంప్యూటర్ మీటలకు పెట్టి రెండు అక్షరాలు పని చెయ్యకుండా చేసింది కూడా ఆమే.

"అవ్వా, ఏం చేసినవే నువ్వు!" గట్టిగానే అరిచాను. "డిస్కుకు ఎవలన్న బొట్టు పెడ్తరానే? బాపు పానం గీ డిస్కుల ఉన్నది, నీ బొట్టుతోని అది చదువొస్తలేదు!"

అవ్వ బిత్తరపోయింది. "నేను దానికెందుకు పెడుత? కవరుకు పెట్టిన. సూడు."

టేబుల్ మీది కాగితం కవరు తీసి చూపించింది. నిజమే. కవరు మూలకు పసుపు చుక్క, దాని నడుమ కుంకుమ చుక్క, ఎప్పటిలాగే గుండ్రంగా ఉన్నాయి. డిస్కు మీద ఉన్నది పసుపూ కాదు, కుంకుమా కాదు. వేలితో తాకి చూశాను. నూనెలో కలిపిన సింధూరం. మా ఇంట్లో కొండగట్టు అంజన్న సింధూరం పెట్టుకునేది ఒక్కరే. పొద్దున్నే స్నానం చేసి, చిన్న డబ్బీలోంచి వేలితో తీసి నొసటికి దిద్దుకుని గానీ చాయ్ తాగడు.

నేను బాపు నొసటి వైపు చూశాను. అవ్వ కూడా చూసింది.

"దేవుని బొట్టు," అన్నాడు బాపు. "మంచిదని పెట్టిన."

"మంచికి పెట్టేటోనివి పైన పెట్టాలె. అడుగున ఎందుకు పూసినవ్?"

"ఏది పైనో ఏది కిందనో నాకేం తెల్సు బిడ్డా. సదువు రానోన్ని."

నాకు ఒళ్లు మండింది. మస్కట్‌కు కూలి పనికి పోయి మొదటిసారి వచ్చినప్పుడు బాపు డిస్కులు ఆడే పెట్టె తెచ్చాడు. మెరిసే వైపు వేలు తగిలితే పాట ఆగిపోతుందని, అంచులు పట్టుకునే తియ్యాలని మాకు నేర్పింది ఆయనే. ఒకసారి నెయ్యి చేతులతో పట్టుకున్నానని నా వీపు మోగింది. ఆ మనిషి ఇవాళ ఏది పైనో తెలియదంటున్నాడు.

"బాపూ, అబద్ధం చెప్పకు. కావాల్నని పూసినవ్. నేను అవ్వ పనే అనుకుంట, అవ్వను తిట్టి ఊకుంట అనుకున్నవ్. రిపోర్టు కూడా ఎగిరిపోలే గదా? నువ్వే పడేసినవ్."

బాపు లేచి వచ్చి చెయ్యి చాపాడు. "ఇటియ్యి వినోదా. ఇగ సాలు."

"ఇయ్య."

"ఇయ్యమంటున్న గదా!"

"నీకు బతకాల్నని లేదా? గట్లయితే గా మాట అవ్వ మొకం సూసుకుంట చెప్పు. నేను ఇచ్చేస్త."

ఆయన అవ్వ వైపు తిరగలేదు.  అవ్వ మా ఇద్దరి నడుమకు వచ్చి, డిస్కు నా చేతిలోంచి తీసుకుని, "ఎట్ల తుడువాల్నో చెప్పు," అంది. గొంతులో కోపం లేదు. ఏదో జరిగిందని ఆమెకు అప్పటికే అర్థమైందనుకుంటాను. గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కల సబ్బు వేసి, ఆమె నూలు చీర కొంగు తడిపి, మధ్య నుంచి అంచు వైపు తిన్నగా తుడవమన్నాను, గుండ్రంగా రుద్దితే గీతలు పడతాయని చెప్పాను. అవ్వ పసిపిల్ల మొహం తుడిచినట్టు తుడిచింది. ఆరబెట్టి మళ్లీ అరలో పెట్టాను.

ఈసారి గీత సగం దాటింది, ముప్పావు దాటింది, చివరికి చేరింది. నా ఫోల్డర్‌లోకి వచ్చిన ఫైలుకు నడిపే అనుమతి ఇచ్చి పేరు కొట్టాను. లోపలి సరుకంతా చెక్కుచెదరకుండా ఉందని తనే పరీక్షించుకుని చెప్పింది. అమ్మయ్య అనుకునే లోపలే ఇంకో కొర్రీ. తను నడవడానికి కావలసిన తోడు ఫైలు, లైబ్రరీ అంటారు, అది నా కంప్యూటర్‌లో లేదట. పాత కాలపు సాఫ్ట్‌వేర్, పాత కాలపు సరంజామా అడుగుతోంది. నెట్‌లోంచి దించడం మొదలుపెట్టాను.

అదే సమయానికి మెట్ల మీద బూట్ల చప్పుడైంది. డాక్టరు గారు చేతిలో బ్యాగుతో దిగి వచ్చి నా షాపు గుమ్మంలో నిలబడ్డారు. సందు మొదట్లో ఆయన కారు ఇంజను నడుస్తోంది.

"ఏమైంది వినోదా? తెరుచుకుందా?"

"అయిపోయింది సార్. ఒక్క ముక్క తక్కువ పడ్డది, వస్తున్నది. జర కూసోండి సార్."

ఆయన కూర్చోలేదు కానీ వెళ్లలేదు. బాపు గుమ్మం అవతలికి పోయి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. అవ్వ ఆయన్నే చూస్తోంది. లైబ్రరీ దిగింది. మళ్లీ పేరు కొట్టాను. తెర ఒకసారి నల్లబడి, బూడిద రంగు కిటికీ ఒకటి తెరుచుకుంది. ఎడమ పక్క బాపు పేరు, వయసు. నడుమ బాపు కడుపు లోపలి బొమ్మ. నేను కుర్చీలోంచి లేచి డాక్టరు గారికి చోటిచ్చాను.

ఆయన మౌస్ చక్రం తిప్పుకుంటూ పైకి పోయారు, కిందికి వచ్చారు. ఒకచోట ఆగారు. మళ్లీ పైకి పోయి అక్కడికే వచ్చారు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని పెట్టుకున్నారు.

"పరశురాములు గారూ, లోపలికి రండి," అన్నారు. బాపు వచ్చాడు. "మీకు కుడి కిడ్నీ లేదు."

నాకు ఆ మాట తలకెక్కలేదు. "లేకపోవుడేంది సార్?"

"పుట్టుకతో లేకపోవడం కాదమ్మా. ఆపరేషన్ చేసి తీశారు. ఇక్కడ చూడు, తీసిన చోట వేసిన క్లిప్పులు కనపడుతున్నాయి. ఉన్నది ఎడమది ఒక్కటే. దాని గొట్టంలో రాయి అడ్డం పడింది. నీరు కిందికి దిగక అది కూడా ఉబ్బిపోయింది. ఈ ఒక్కటీ పోతే ఇంక ఏమీ లేదు."

బాపు కుడి పక్కన పొడుగాటి మచ్చ ఉన్న సంగతి మాకు తెలుసు. కరోనా రావడానికి ముందటేడు ఆఖరిసారి మస్కట్ పోయాడు, ఎక్కువ కాలం ఉండకుండానే తిరిగొచ్చాడు. కట్టడం మీంచి పడితే ఇనుప చువ్వ దిగిందని, కంపెనీ పంపేసిందని చెప్పాడు. మేం నమ్మాం. ఎందుకు నమ్మం? మా వైపు గల్ఫ్ నుంచి వచ్చిన మగవాళ్లలో ఒంటి మీద మచ్చ లేనివాణ్ణి చూపించండి.

అవ్వ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాత ఆ చెయ్యి తీసేసి గొంతెత్తింది. "దొంగిలిచ్చిండ్రా! మత్తు మందిచ్చి కోసుకున్నరా నిన్ను! అయ్యో, చువ్వ దిగిందని చెప్పిండ్రు సార్ గా కంపెనోళ్లు, పిచ్చోడు నమ్మిండు! పైసలకు పోయిన మనిషిని గొర్రెను కోసినట్టు కోసిండ్రా!"

"అవ్వా, ఆగే..."

"ఏం ఆగుడు! ఎవ్వలో గాని, నా మొగని కిడ్నీ పెట్టుకొని కులుకుతున్నోళ్లు, వాళ్ల కడుపు మాడిపోను! వాళ్లకది అచ్చిరాకుంట పోను! పురుగులు పడి..."

"ఊకో!" బాపు అరిచాడు. ఆయన అంత గట్టిగా అరవడం నేను ఎన్నో ఏళ్లుగా వినలేదు. "శాపం పెట్టకు చంద్రీ. నీకు దండం పెడ్త, శాపం పెట్టకు."

"ఎందుకు పెట్టద్దయ్యా? దొంగలకు తాకనియ్యి!"

"దొంగలకు కాదు. మన నవీనకు తాకుతది."

నవీన మా అక్క. నాకంటే పెద్దది. ఈ పేరు మా ఇంట్లో పలికి ఎన్నేళ్లయిందో. డిగ్రీ అయిపోగానే వేరే కులం అబ్బాయిని రిజిస్టర్ పెళ్లి చేసుకుని వెళ్లిపోయింది. ఆ సాయంత్రమే బాపు వాకిట్లో కూర్చుని, చావు ఇంటి నుంచి వచ్చినవాడిలా తలకు పోసుకుని, కులపెద్దల ముందు "నాకు ఒక్కతే బిడ్డ, అది వినోద" అన్నాడు. దాని పేరు ఎత్తినవాళ్లు తన శవం చూస్తారని అవ్వకూ నాకూ ఒట్టు పెట్టాడు. ఫొటోలు తీసేశాం. అక్క ఎక్కడ ఉందో, అసలు ఉందో లేదో, మాకు తెలియదు. తెలుసుకునే ప్రయత్నం చేస్తే బాపు ఏమైపోతాడోనని భయం.

అవ్వ తన నోటి మీద తనే కొట్టుకుంది. ఒకసారి కాదు. నేను చెయ్యి పట్టుకుంటే గానీ ఆగలేదు.

"చెప్పు," అంది.

బాపు బెంచీ మీద కూలబడ్డాడు. డాక్టరు గారి వైపు చూసి, నేల చూపులు చూస్తూ చెప్పాడు. "అల్లుడు ఫోన్ చేసిండు, మంచిర్యాల నుంచి. పిల్లకు రెండూ పాడైనయట. రోజు తప్పించి రోజు మిషన్ల రక్తం కడుగుతున్నరట. తనది, తన అన్నదమ్ములది ఎవ్వల్ది సరిపడలేదట. నాది సరిపడ్డది. మస్కట్ పోతున్నా అని చెప్పి హైదరాబాద్ పోయిన. ఆపరేషన్ అయినంక మంచిర్యాలల వాళ్లింట్లనే పండుకున్న. అదే నాకు అన్నం కలిపి పెట్టింది."

'అల్లుడు' అన్నాడు బాపు. ఎంత తేలిగ్గా అన్నాడో. ఆ మాట ఆయన నోటికి అలవాటైపోయిందని నాకు అప్పుడే తెలిసింది.

నాకు జాలి కలగాలి. తండ్రి కదా, సొంత ఒళ్లు కోసి ఇచ్చాడు కదా. మీరు అదే అనుకుంటూ ఉంటారు. నాకు మాత్రం ఆ క్షణాన కోపమే వచ్చింది, ఏడుపంత కోపం. అక్క బతికి ఉందన్న సంతోషం కూడా ఆ కోపం కిందే పడి నలిగింది. పెళ్లిచూపుల నాడు నా జడ అల్లేవాళ్లు లేక నేను ఒక్కదాన్నే అద్దం ముందు కూర్చున్నాను. అప్పుడు అక్క మంచిర్యాలలో ఉంది, ఈయనకు తెలుసు.

అవ్వ ఏడవలేదు. ఆయన ఎదురుగా నేల మీద కూర్చుంది. "మంచిర్యాల," అంది. "పొద్దుగాల బస్సెక్కితే పగటీలకు పోతం. గంత దగ్గర్ల ఉన్నదా నా బిడ్డ?"

బాపు తల ఊపాడు.

"ఏటేటా బతుకమ్మకు ఊర్ల అందరి బిడ్డలొస్తరు. నీ పెద్దబిడ్డ ఏదే అని ఎవలన్న అడిగితే నేను మొకం తిప్పుకొని పోయిన. ఏడ్పొస్తే బాయికాడికి పోయి, మోటర్ వేసి ఏడ్సిన, సప్పుడు నీకు ఇనపడద్దని. నువ్వు ఒట్టు పెట్టినవ్ గదాని. నువ్వేమో పోయినవ్. సూసినవ్. దాని చేతి కూడు తిన్నవ్. నన్ను మాత్రం పేరన్న తియ్యనియ్యలే."

"సిగ్గయింది చంద్రీ. నలుగుర్ల కూసొని తలకు పోసుకున్నోన్ని. మల్ల ఏ మొకం పెట్టుకొని నీకు చెప్పాలె?"

"నీ సిగ్గుకు నా బిడ్డను నాకు కాకుంట చేసినవా?"  ఏదో లెక్క సరిపోయినట్టు ఆమె కనుబొమలు ముడిపడ్డాయి. "గప్పుడు నాతోని కాయితాల మీద సంతకాలు పెట్టిచ్చుకున్నవ్. మస్కట్ కాయితాలన్నవ్. నన్ను తోలుకపోయి ఎవలో సార్ ముంగట కూసోపెట్టి, అన్నిటికి సరే అనమన్నవ్. అవి కిడ్నీ ఇచ్చే కాయితాలేనా?"

బాపు మళ్లీ తల ఊపాడు.

"నా సంతకం పనికొచ్చింది," అంది అవ్వ. "నేను పనికి రాలే."

 డాక్టరు గారు కుర్చీలోంచి లేచారు. ఆయన గొంతు మెత్తగానే ఉంది కానీ తొందర తెలుస్తోంది. "మీ ఇంటి విషయాల్లో నేను కల్పించుకోకూడదు. కానీ ఒక్కటే కిడ్నీ ఉందని తెలిసి కూడా ఇన్ని రోజులు దాచారు పరశురాములు గారూ. ఇవాళే గొట్టంలో స్టెంటు వేసి నీరు బయటికి తియ్యాలి. నా కారులోనే కరీంనగర్ రండి. ఇంటివాళ్లు ఒకరు వచ్చి సంతకం పెట్టాలి."

"పోదాం సార్," అన్నాడు బాపు. ఇన్ని వారాల్లో ఆయన నోట ఆ మాట రావడం అదే మొదలు. దాచడానికి ఇంకేమీ మిగల్లేదు కాబోలు.

అవ్వ మాత్రం నేల మీంచి లేవలేదు. "నేను రాను. సంతకం పెట్ట."

"అవ్వా, ఏం మాటలే! నువ్వు పెట్టకుంటే నేను పెడ్త," అన్నాను.

"పెట్టుకో. నేను మాత్రం ముందుగాల నా బిడ్డతోని మాట్లాడాలె. మాట్లాడిస్తెనే నీ బాపెంట వస్త. లేకుంటే మీరు మీరు పోండ్రి."

"నువ్వు రాకుంటే నేను పోను," అన్నాడు బాపు.

డాక్టరు గారు నా వైపు చూశారు. నేను బాపు వైపు చూశాను. ఇంత జరిగాక కూడా ఇద్దరికీ పంతమే. ఆయన కిడ్నీ లోపల ఉబ్బుతూ ఉంటే ఈ ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూడకుండా కూర్చున్నారు. "ఫోన్ తీయి బాపూ," అన్నాను. "తియ్యకుంటే నీ జేబుల చెయ్యి పెట్టి నేనే తీస్త."

ఆయన తీశాడు. వేలు ఎక్కడికి పోవాలో ఆ వేలికి తెలుసు. నేను తెర మీదికి వంగి చూశాను. అక్క నంబరు 'ఎరువుల దుకాణం' అన్న పేరుతో ఉంది. నెలకోసారి చేను గట్టు మీద నిలబడి యూరియా వచ్చిందా, యూరియా వచ్చిందా అని ఈయన మాట్లాడుతుంటే, ఇంత ఓపిగ్గా మాట్లాడే దుకాణదారు ఎవరబ్బా అని నేను ఎన్నిసార్లు అనుకున్నానో. స్పీకర్ నేనే నొక్కి ఫోన్ టేబుల్ మీద పెట్టాను. అవ్వ లేచి వచ్చి టేబుల్ అంచు పట్టుకుని నిలబడింది.

మోగుతోంది. అవ్వ పెదవులు కదులుతున్నాయి. ఏ దేవుణ్ణి తలుచుకుంటోందో, ఇందాకటి శాపాన్ని వెనక్కి తీసుకొమ్మని ఎవరిని బతిమాలుతోందో నాకు తెలియదు. చాలాసేపటికి అవతల ఎత్తారు.

"బాపూ." అక్క గొంతే. కొంచెం బొంగురుపోయింది కానీ అదే గొంతు. నా కళ్లు మసకబారాయి. "నేనే చేద్దామనుకుంటున్న బాపూ. నీకు చెప్పద్దనుకున్న. పొద్దుగాల నీకు వాయిస్ మెసేజ్ పెట్టి మల్ల తీసేసిన."

బాపు టేబుల్ మీది ఫోన్ వైపు వంగాడు.

"నువ్వు ఇచ్చింది ఆగిపోయిందట బాపూ. డాక్టర్లు ఇంగ లాభం లేదన్నరు. నిన్నటి సంది మల్ల మిషన్ ఎక్కిచ్చిండ్రు. నువ్వు ఏడ్వకు. నీ పుణ్యాన ఇన్నేండ్లు బతికిన గదా. అవ్వకు తెల్వనియ్యకు... బాపూ? ఇంటున్నవా?"

బాపు రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.  డాక్టరు గారు తల వంచుకున్నారు. 

అవ్వ ఫోన్ ఎత్తి నోటి దగ్గర పెట్టుకుంది.

"నవీనా," అంది. "నేను బిడ్డా, అవ్వను."

అవతల ఊపిరి మాత్రం వినిపించింది.

"ఏడ్వకు. నాకు రెండున్నయి."